కాంక్రీటు గోడ పోసేటప్పుడు వేగమే అసలు బరువు



మన హాస్టల్లో ఏ గదిలో అడిగినా ఒకరిద్దరైనా "మా నాన్నది సెంట్రింగు పని" అనో, "మా అమ్మ మిల్లరు దగ్గర తట్టలు అందిస్తుంది" అనో చెప్పేవాళ్లుంటారు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి వలస వెళ్లి ఆనకట్టలూ అపార్టుమెంట్లూ కట్టిన చేతులు మనవాళ్లవే. వేసవి సెలవుల్లో ఫీజు డబ్బుల కోసం మనలో చాలామంది అదే పనికి వెళ్తుంటాము. ఈ హాస్టల్లోనే చదివి, ఇప్పుడు సివిల్ ఇంజనీరింగులో పి.జి. పూర్తి చేస్తున్న మేము మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం. తరగతి గదిలో మేము సూత్రాలుగా నేర్చుకున్నవాటిలో సగం మావాళ్లు చేతులతో ఏనాడో నేర్చుకున్నారు. కానీ ఒక్క విషయంలో మాత్రం పాత అనుభవం చాలడం లేదు. అదే గోడ కాంక్రీటు.

స్లాబు పోయడం మనవాళ్లకు బాగా తెలుసు. గోడ సంగతి వేరు. ఇంటి కింద సంపు, ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు, సెల్లారు చుట్టూ మట్టిని ఆపే గోడ, కాలువ పక్క గోడలు కాంక్రీటుతో పోసేవే. ఇప్పుడు నగరాల్లో అల్యూమినియం పలకలు బిగించి అపార్టుమెంటు గోడలను కూడా ఇటుక లేకుండా కాంక్రీటుతోనే పోస్తున్నారు. పనివాళ్లు దానిని 'మైవాన్' అంటారు. ఈ గోడలు పోసేటప్పుడు ప్రమాదం ఎక్కడ దాగి ఉంటుందో, దానిని ఎలా తప్పించుకోవాలో వీలైనంత తేలికగా చెప్పడానికి ప్రయత్నిస్తాము. ఇది మీరు పరీక్షలో రాయడం కోసం కాదు, ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు చదివి వినిపించడం కోసం.

పచ్చి కాంక్రీటు ఒక ద్రవం

గట్టిపడిన తరువాత కాంక్రీటు రాయి. గట్టిపడేదాకా మాత్రం అది చిక్కటి ద్రవమే. ద్రవానికి రెండు గుణాలున్నాయని మనం పదో తరగతిలోపే చదువుకున్నాము. ఒకటి, అది కిందికి మాత్రమే కాక పక్కలకు కూడా నెడుతుంది. రెండు, లోతు పెరిగేకొద్దీ ఆ నెట్టుడు పెరుగుతుంది. చెరువు కట్టను పైన సన్నగా, అడుగున వెడల్పుగా వేయడానికి కారణం ఇదే.

ఘనపు మీటరు నీరు 1 టన్ను తూగితే, ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2.4 టన్నులు తూగుతుంది. కనుక 3 మీటర్ల ఎత్తు గోడను ఒక్కసారిగా నింపేస్తే, అడుగున చదరపు మీటరు పలక మీద పక్కకు నెట్టే ఒత్తిడి 7.2 టన్నులవుతుంది. గోడ మొత్తం ఎత్తు మీద లెక్కిస్తే, ప్రతి మీటరు పొడవుకు 10.8 టన్నుల తోపు. ఆరు మీటర్ల గోడ అయితే దాదాపు 65 టన్నులు. ఇది నిండా కంకర నింపిన రెండు పెద్ద టిప్పర్ల బరువుకు ఇంచుమించు సమానం. ఇదంతా ఆపవలసింది ముప్పావంగుళం ప్లైవుడ్డు, దాని వెనుక చెక్కలు, నాలుగు బోల్టులు.

అదే గోడలో సగం ఎత్తు, అంటే 1.5 మీటర్లు మాత్రమే ద్రవంగా ఉంటే తోపు సగం కాదు, నాలుగో వంతే. మీటరు పొడవుకు 2.7 టన్నులు. ఎత్తు రెట్టింపయితే తోపు నాలుగు రెట్లవుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే, తక్కినదంతా దాని నుంచే అర్థమవుతుంది.

"సన్నగోడే కదా" అన్న మాట

పని దగ్గర తరచుగా వినిపించే మాట ఇది. "ఆరంగుళాల గోడే కదా, దీనికిన్ని బోల్టులెందుకు?" అంటారు. ఈ మాట తప్పు. బావిలో రెండు నిలువుల లోతుకు మునిగినా, పెద్ద చెరువులో అదే లోతుకు మునిగినా చెవుల మీద ఒత్తిడి ఒక్కటే. చెరువు వెడల్పని ఎక్కువ నొప్పి పుట్టదు, బావి ఇరుకని తగ్గదు. అలాగే గోడ ఆరంగుళాలైనా అడుగున్నరైనా, ఒకే ఎత్తు ద్రవంగా ఉంటే పలక మీద ఒత్తిడి ఒక్కటే.

నిజానికి సన్నగోడే ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే అది త్వరగా నిండుతుంది.

తట్టలనాటి వేగం, పంపు వచ్చాక వేగం

ఉదాహరణకు 6 మీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల మందం, 3 మీటర్ల ఎత్తు గోడ తీసుకుందాం. గోడలో కాంక్రీటు ఒక మీటరు పైకి లేవాలంటే 1.2 ఘనపు మీటర్లు కావాలి. మిల్లరులో మూడు నిమిషాలకొక సిమెంటు మూట చొప్పున గంటకు 20 మూటల మాలు కలిపి, తట్టల్లో అందిస్తే గంటకు సుమారు రెండున్నర ఘనపు మీటర్లు పడుతుంది. అంటే గోడ గంటకు రెండు మీటర్లు లేస్తుంది. పైమాలు పడేసరికి కిందిమాలు బిగుసుకోవడం మొదలవుతుంది, పలకను నెట్టడం తగ్గిస్తుంది.

ఇప్పుడు అదే గోడకు పంపు పెట్టండి. గంటకు 30 ఘనపు మీటర్లు తోసే పంపుకు ఈ గోడ నిండడానికి పట్టేది ఏడు నిమిషాలు. అడుగునున్న కాంక్రీటుకు బిగుసుకునే వ్యవధే లేదు. మూడు మీటర్లూ ద్రవమే. పూర్తి 7.2 టన్నుల ఒత్తిడి పలక మీదకు వస్తుంది.

ఇక్కడే మేము చెప్పదలచుకున్న అసలు మాట ఉంది. ఇన్నాళ్లూ సెంట్రింగును కాపాడింది బోల్టులొక్కటే కాదు, తట్ట మోసే మనిషి నడక కూడా. ఆ నిదానాన్ని అందరూ ఆలస్యమనుకున్నారే గాని, అది రక్షణ అని ఎవరూ లెక్కలో రాసుకోలేదు. పంపు వచ్చి ఆ నిదానాన్ని తీసేసింది. సెంట్రింగు మాత్రం చాలాచోట్ల తట్టలనాటిదే మిగిలింది. కనుక ఇకమీద ఆ నిదానాన్ని మనమే తెలిసి, లెక్కవేసి పాటించాలి. లేదా పూర్తి ఒత్తిడిని తట్టుకునేలా సెంట్రింగు కట్టాలి. మూడో దారి లేదు.

వేగం కనుక్కోవడానికి ఇంజనీరు అక్కరలేదు. పలక లోపలివైపు ప్రతి అర మీటరుకు సుద్దతో ఒక గీత గీయాలి. ఒక గీత నుంచి ఇంకో గీతకు మాలు చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూసుకోవాలి. పావుగంట పడితే వేగం గంటకు రెండు మీటర్లన్నమాట.

చలి, మందు, నీళ్లు

కాంక్రీటు బిగుసుకునే వేగం ఎప్పుడూ ఒకటే కాదు. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వారి 347వ మార్గదర్శక పత్రంలోని సూత్రం ప్రకారం, గంటకు రెండు మీటర్ల వేగంతో పోస్తే, కాంక్రీటు వేడి 30 డిగ్రీలున్నప్పుడు ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 4 టన్నులు. అదే 15 డిగ్రీలున్నప్పుడు సుమారు 5.5 టన్నులు. మే నెలలో నిలిచిన సెంట్రింగే పుష్యమాసపు తెల్లవారుజామున ఆదిలాబాదులో ఉబ్బిపోవడంలో వింతేమీ లేదు.

రెండోది మందు. రెడీమిక్స్ కాంక్రీటు దారిలో గట్టిపడకుండా ప్లాంటులోనే ఆలస్యం చేసే మందు కలుపుతుంటారు. బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటు కూడా నిదానంగానే బిగుసుకుంటుంది. ఇలాంటి వాటికి ఒత్తిడిని 20 నుంచి 40 శాతం పెంచి లెక్కించమని అదే పత్రం చెబుతుంది. ఈ సూత్రం మామూలు స్లంపు ఉన్న కాంక్రీటుకే వర్తిస్తుంది. నీళ్లలా పారే కాంక్రీటుకు మొత్తం ఎత్తునూ ద్రవంగానే లెక్కించాలి.

మూడోది నీళ్లు. మాలు జారడం లేదని పైపు పట్టి నీళ్లు కొట్టడం చాలాచోట్ల అలవాటు. దానివల్ల గోడ బలం తగ్గుతుందని అందరికీ తెలుసు. అదే సమయంలో పలకల మీద ఒత్తిడి పెరుగుతుందని తెలిసినవారు తక్కువ.

టై బోల్టు పని వేరు, ఊతకర్ర పని వేరు

గోడకు రెండువైపులా పలకలుంటాయి. ఒకదానిని ఇటు, ఒకదానిని అటు కాంక్రీటు నెడుతుంది. ఈ రెండు నెట్టుళ్లను ఒకదానితో ఒకటి కట్టిపడేసేది మధ్యలోంచి పోయే టై బోల్టు. ఊతకర్రలు, జాకీలు గోడను నిలువుగా నిలిపి, గాలికి పక్కకు ఒరగకుండా చూస్తాయి. ఒకటి లేకపోతే రెండోది ఆ పని చెయ్యలేదు. "బోల్టులు తక్కువున్నాయి, నాలుగు కర్రలు ఎక్కువ పెట్టు" అనడం సరికాదు.

బోల్టులను అడ్డంగా 60, నిలువుగా 60 సెంటీమీటర్ల దూరంలో పెడితే, 4 టన్నుల ఒత్తిడి దగ్గర ఒక్కో బోల్టు మీద దాదాపు ఒకటిన్నర టన్నులు పడుతుంది. ఒత్తిడి 7.2 టన్నులకు పెరిగితే రెండున్నర టన్నులు దాటుతుంది. కడ్డీలు కట్టే బైండింగ్ తీగను మెలిపెట్టి బోల్టుకు బదులు వాడడం ఎంత ప్రమాదమో ఈ అంకెలే చెబుతాయి. ఒక తీగ తెగితే దాని భారం పక్కదాని మీద పడుతుంది, అదీ తెగుతుంది. సెంట్రింగు విచ్చుకోవడం బట్ట చిరిగినట్టు ఒక చివర నుంచి మొదలవుతుంది. ఒత్తిడి ఎక్కువ కనుక అడుగు వరసల్లో బోల్టులు దగ్గరగా ఉండాలి. నట్టు కింద వాషరు తప్పకుండా ఉండాలి.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది ఒకవైపు మాత్రమే పలక ఉన్న గోడ. సెల్లారులో, సంపులో తవ్విన మట్టికట్టకే ఆనించి పోసేటప్పుడు రెండోవైపు పలక ఉండదు, బోల్టుకు పట్టు ఉండదు. మొత్తం తోపు ఊతల మీదే పడుతుంది. ఆ ఊతల అడుగున మెత్తటి మట్టి ఉంటే అవి దిగబడిపోతాయి. పైగా ఆ ఊతలున్న ఇరుకు గోతిలోనే మనుషులు తిరుగుతుంటారు. ఇలాంటి గోడకు ఇంజనీరు లెక్క లేకుండా ఒక్క తట్ట కూడా పోయకూడదు. ఊతల అడుగు కాళ్లను గట్టి కాంక్రీటుకు తన్నిపెట్టాలి. మనుషులు బయటికి రావడానికి నిచ్చెన దగ్గరలోనే ఉండాలి.

కిటికీ కోసం గోడలో పెట్టే పెట్టెను కూడా మరువకూడదు. మీటరు వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న పెట్టెను చుట్టూ ద్రవంగా ఉన్న కాంక్రీటు దాదాపు 575 కిలోల బలంతో పైకి లేపుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం మన సైన్సు పుస్తకంలోనే కాదు, సెంట్రింగులోనూ ఉంది. అందుకే పెట్టెను పక్కలకే కాదు, పైకి లేవకుండా కూడా బిగించాలి.

పోసే పద్ధతి

గోడను ఒక చివర నుంచి నిలువునా నింపుకుంటూ పోకూడదు. 30 నుంచి 45 సెంటీమీటర్ల పొరలుగా గోడ పొడవునా సమంగా వేసుకుంటూ రావాలి. మూలల దగ్గర మొదలుపెట్టి మధ్యకు రావడం మంచిది. ఒకేచోట కుప్పగా పోసి, వైబ్రేటరుతో పక్కలకు తోస్తే కంకర ఒకచోట, సిమెంటు పాలు ఒకచోట చేరతాయి.

మాలు ఎక్కువ ఎత్తు నుంచి పడితే కడ్డీలకు తగిలి కంకర విడిపోతుంది. 2000లో వెలువడిన ఐ.ఎస్. 456 నియమావళి ఈ ఎత్తుకు 1.5 మీటర్లు హద్దుగా చెప్పింది. అంతకన్నా ఎత్తు గోడలకు పంపు గొట్టాన్ని లోపలికి దించాలి. ఇరుకుగా ఉంటే పలకకు సగం ఎత్తులో చిన్న తలుపు ఉంచి, అక్కడిదాకా మాలు వచ్చాక మూసి గట్టిగా బిగించాలి.

వైబ్రేటరు నీడిల్‌ను నిలువుగా దించాలి. కొత్త పొర దాటి కింది పొరలోకి 10 నుంచి 15 సెంటీమీటర్లు పోతే చాలు. రెండు పొరలూ కలిసిపోతాయి. అంతకంటే లోతుకు దించితే బిగుసుకుంటున్న మాలు మళ్లీ ద్రవమై పలకను మొదటిలాగే నెడుతుంది. పలకను నీడిల్ తాకకూడదు. పలకలను బయటినుంచి సుత్తితో బాదడం వల్ల మేకులు, నట్లు వదులవుతాయి.

మరీ నిదానమూ పనికిరాదు. కింది పొర పూర్తిగా బిగుసుకున్నాక పైపొర వేస్తే మధ్యలో అతుకు మిగిలి, ట్యాంకయితే అక్కడినుంచే నీరు కారుతుంది. మరి పంపును ఆపకుండా గోడను నిదానంగా నింపడం ఎలా? దీనికి ఉపాయముంది. ఒక్క గోడకు కాకుండా ఒకేసారి చాలా గోడలకు సెంట్రింగు సిద్ధం చేసుకోవాలి. 20 సెంటీమీటర్ల మందం గోడలు మొత్తం 60 మీటర్ల పొడవు ఉంటే, గంటకు 18 ఘనపు మీటర్లు పోసినా గోడలు లేచేది గంటకు 1.5 మీటర్లే. ఒక్కో 45 సెంటీమీటర్ల పొర చుట్టి రావడానికి 18 నిమిషాలు పడుతుంది. అతుకూ పడదు, ఒత్తిడీ పెరగదు, పంపూ ఖాళీగా నిలబడదు. ఆరు మీటర్ల ఒంటరి గోడకైతే పంపు, రెడీమిక్స్ లారీ తెచ్చుకోకుండా మిల్లరుతోనే పోసుకోవడం మేలు.

మనుషులు ఎక్కడ ఉండాలి

పోసేటప్పుడు పలకల పక్కన, కింద ఎవరూ కూర్చోకూడదు. బువ్వ తినడానికి నీడ ఉందని అక్కడ చేరడం, పిల్లలను అక్కడ పడుకోబెట్టడం అసలే వద్దు. అనుభవమున్న ఒక మనిషిని సెంట్రింగును చూడడానికే కేటాయించాలి. అతను కొంచెం దూరం నుంచి, దారానికి గుండు కట్టి వేలాడదీసి, పలకలు కదులుతున్నాయేమో చూస్తుండాలి. అతని దగ్గర ఈల ఉండాలి. ఈల వినపడగానే పంపు, వైబ్రేటరు రెండూ ఆగాలి.

పలక ఉబ్బుతుంటే, టపటపమని శబ్దం వస్తే, అతుకుల్లోంచి సిమెంటు పాలు ఎక్కువగా కారుతుంటే అది హెచ్చరిక. అప్పుడు భుజం ఆనించడం, వెనుక కర్ర పోటు పెట్టబోవడం, నట్టు బిగించబోవడం చేయకూడదు. అందరూ దూరంగా రావాలి. కాంక్రీటు బిగుసుకునేదాకా ఆగి, తెలిసినవారు చూశాకే దగ్గరకు పోవాలి. వంకర తిరిగిన గోడను పగలగొట్టి మళ్లీ పోసుకోవచ్చు.

పోసేవాళ్లు పలకల అంచుమీద నిలబడకూడదు. చేతిపట్టు ఉన్న మంచె మీద నిలబడాలి. కింద నిలువుగా ఉన్న కడ్డీల మొనలకు ప్లాస్టిక్ టోపీలు తొడగాలి. పంపు మొదలుపెట్టేటప్పుడు, గొట్టం కడిగేటప్పుడు దాని మూతికెదురుగా ఎవరూ ఉండరాదు. లోపల అడ్డుపడిన మాలు ఒక్కసారిగా వదిలితే గొట్టం పాములా కొట్టుకుంటుంది. వైబ్రేటరు కరెంటు తీగ తడిలో పడకుండా, షాక్ కొడితే కరెంటు తెగే బ్రేకరు ఉండేలా చూడాలి.

పచ్చి కాంక్రీటు చర్మాన్ని కాలుస్తుందన్న సంగతి కూడా ఇంట్లో చెప్పండి. సిమెంటులో సున్నంలాంటి క్షారగుణం ఉంది. తడిసిన చీర అంచో, బూటులో చేరిన మాలో గంటలతరబడి అంటుకొని ఉంటే నొప్పి తెలియకుండానే పుండు పడుతుంది. వెంటనే మంచినీటితో కడుక్కోవాలి. కంట్లో పడితే చాలాసేపు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. చేతి తొడుగులు, రబ్బరు బూట్లు ఆడవాళ్లకూ ఇవ్వాలి.

విప్పడంలోనూ తొందర వద్దు

గోడ పలకలను మామూలు సిమెంటయితే 16 నుంచి 24 గంటల దాకా విప్పకూడదని ఐ.ఎస్. 456 చెప్పింది. చలిలో, బూడిద సిమెంటుతో ఇంకా ఎక్కువ ఆగాలి. నిన్నటి గోడకే నేటి సెంట్రింగును బిగించి పైకి పోసే చోట్ల ఈ జాగ్రత్త ప్రాణాలతో సమానం. 1978 ఏప్రిల్ 27న అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో విల్లో ఐలాండ్ వద్ద ఒక విద్యుత్ కేంద్రపు కూలింగ్ టవరు కడుతుండగా, గోడకు బిగించిన మంచెలు కూలి 51 మంది కార్మికులు మరణించారు. ముందురోజు పోసిన కాంక్రీటుకు చాలినంత బలం రాకముందే దానిమీద భారం మోపడమే అందుకు ముఖ్య కారణమని ప్రభుత్వ పరిశోధకులు తేల్చారు.  

ఆపమని అనగలగాలి

ఇవన్నీ చదివి మీరు ఒక ప్రశ్న వేయవచ్చు. "అన్నా, ఇదంతా నిజమే. కానీ రోజుకూలీకి వెళ్లిన మా నాన్న పంపు ఆపమంటే ఆపుతారా? లారీ వెయిటింగ్ చార్జి ఎవరు కడతారు?" ఇది సరైన ప్రశ్నే. పోత మొదలయ్యాక కూలీ మాట చెల్లడం కష్టం. అందుకే ఆ మాట పోత మొదలుకాక ముందే జరగాలి. గంటకు ఎంత ఎత్తు పోయాలి, లారీ లారీకి ఎంత ఎడం ఉండాలి, ఈల ఎవరి చేతిలో ఉంటుంది అనే ఈ మూడూ ముందురోజు సాయంత్రమే మేస్త్రీ, ఇంజనీరు, పంపు ఆపరేటరు కలిసి తేల్చుకోవాలి. వాటిని కాగితం మీద రాసి, పనివాళ్లందరికీ చదివి వినిపించాలి. రాసుకున్నాక ఆగమనడం కూలీ చేసిన ఆలస్యం కాదు, పనిలో ఒక భాగమవుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు మీలో కొందరు సివిల్ డిప్లొమా చదువుతారు, కొందరు సైటు ఇంజనీర్లవుతారు. అప్పుడు ఆ కాగితం రాసే కలం మీ చేతిలో ఉంటుంది. అప్పటిదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "అన్నం తిన్నావా నాన్నా" అని అడిగిన తరువాత, "రేపు గోడ పోస్తున్నారా? గంటకు ఎన్ని అడుగులు లేపుతున్నారు?" అని కూడా అడగండి.